జింజర్‌కు వచ్చిన జ్వరం

కుక్క నెత్తురు పరీక్ష చేయడం నా ఉద్యోగంలో భాగం కాదు. నేను సికింద్రాబాదులో ఒక మిషన్ ఆసుపత్రి లేబొరేటరీలో పనిచేశాను. చేరినప్పుడు రెండు జడల పిల్లనని అందరూ నవ్వేవారు, దిగిపోయేనాటికి తల పూర్తిగా నెరిసింది. మధ్యలో చూసినదంతా మనుషుల నెత్తురు, మనుషుల కఫం, మనుషుల మలమూత్రాలే. అయినా మీకు బాగా గుర్తున్న కేసు ఏది అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఒక కుక్క.

ఇప్పుడు సైనిక్‌పురిలో మా పక్కింటి అమ్మాయి ఇదే పని నేర్చుకుని పశువుల ఆసుపత్రిలో చేరింది. నా అనుభవాలు రాయమని ఆ అమ్మాయే అడిగింది. ఎప్పుడు చేరానో, ఎప్పుడు జీతం పెరిగిందో రాస్తే ఎవరికీ పనికిరాదు. అందుకని ఆ కుక్క సంగతే రాస్తున్నాను. ఇందులో నాకు ఈనాటికీ అర్థం కానివి కొన్ని ఉన్నాయి. వాటిని అర్థమైనట్టు రాయలేను.

ఎవరి రాజ్యమో తెలియని రోజులు

మాది బాపట్ల దగ్గర. నాన్న మిషన్ బడిలో పంతులు. మద్రాసులో ల్యాబు పని నేర్చుకున్నాక సికింద్రాబాదులో ఖాళీ ఉందంటే వచ్చాను. వచ్చిన కొత్తలో ఇక్కడి వ్యవహారం నాకు తలకెక్కలేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందన్నారు, హైదరాబాదుకు రాలేదన్నారు. తెల్లవాళ్లు ఓడలెక్కారు. కొన్నాళ్లకు తిరుమలగిరిలో ఉన్న ఇండియా సైన్యం కూడా సామాను సర్దుకుని వెళ్లిపోయింది. బారకాసులు ఖాళీ అయ్యాయి. బంగళాలకు తాళాలు పడ్డాయి. ఇంటికి ఉత్తరం రాస్తే ఏ పోస్టాఫీసులో వేయాలో, ఏ స్టాంపు అంటించాలో ఎవరినైనా అడిగి వేయాల్సి వచ్చేది. రజాకార్లు వస్తున్నారని ఒకరు, ఇండియా వాళ్లు వస్తున్నారని ఇంకొకరు చెప్పేవారు. ఇద్దరూ గొంతు తగ్గించే చెప్పేవారు కాబట్టి ఎవరు భయంతో చెబుతున్నారో, ఎవరు సంతోషంతో చెబుతున్నారో తెలిసేది కాదు.

దండు వెళ్లిపోయాక బతుకుతెరువు పోయినవాళ్లలో దర్జీ నర్సింహులు ఒకడు. అంతకుముందు ఆఫీసర్లకు యూనిఫారాలు కుట్టేవాడు. తర్వాత మా ఆసుపత్రి నర్సులకు గౌన్లు కుట్టడం మొదలుపెట్టాడు. తిరుమలగిరిలో ఒక ఖాళీ బంగళా వెనక, పనివాళ్లు ఉండే గదిలో భార్య యాదమ్మతో ఉండేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఆ బంగళాలో ఆఖరుగా ఉన్న ఇంగ్లీషు కుటుంబం పోతూ పోతూ తమ కుక్కను వీళ్ల చేతిలో పెట్టింది. పొడుగు చెవులు, ఎర్రటి బొచ్చు, పేరు జింజర్. నర్సింహులు బట్టల మూట మోసుకుని ఆసుపత్రికి వస్తే అదీ వెంట వచ్చి మా ల్యాబు మెట్ల మీద పడుకునేది.

నన్ను అతను సిస్టరమ్మా అని పిలిచేవాడు. నేను నర్సును కానని ఒకటి రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను.

మలేరియా అన్నారు

ఆ వానాకాలం యాదమ్మకు చలిజ్వరం వచ్చింది. నెత్తురు చూశాను. ఎర్రకణాల్లో ఉంగరాల్లాంటి మలేరియా క్రిములు స్పష్టంగా కనిపించాయి. మా పెద్ద డాక్టరు జయపాల్ గారు మందు రాశారు, జ్వరం తగ్గుముఖం పట్టింది. ఇంతవరకు తికమక ఏమీ లేదు.

తర్వాత ఒకరోజు నర్సింహులు మూట లేకుండా వచ్చాడు. భుజం మీద జింజర్‌ను వేసుకుని ఉన్నాడు. అది తల ఎత్తడం లేదు.

"సిస్టరమ్మా, జెర దీని నెత్తురు సుత చూడుండ్రి. తిండి ముడ్తలేదు. ఒళ్లు కాలిపోతున్నది. ఉచ్చ చాయ్ డికాషన్ లెక్క వస్తున్నది."

"పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోయారా?"

"ఆడికే పోయిన. తాళమున్నది. డాక్టరు సాబు ఎటు పోయిండో, ఎన్నడొస్తడో చౌకీదారుకే తెల్వదట."

చెవి అంచున సూదితో గుచ్చి ఒక చుక్క తీశాను. చిగుళ్లు చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. స్లైడుకు రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్రకణాల లోపల ఏవో ఉన్నాయి. కానీ నాకు తెలిసిన ఉంగరాలు కావవి. ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా, రెండేసి జంటగా అతుక్కుని ఉన్నాయి. మద్రాసులో మాకు చూపించిన స్లైడుల్లో ఇలాంటివి ఎక్కడా లేవు. రంగు సరిగా పట్టలేదేమోనని ఇంకో స్లైడు చేశాను. మళ్లీ అవే.

జయపాల్ గారిని పిలిచాను. ఆయన చాలా తెలివైన వైద్యుడు. మలేరియా మీద ఎన్నో ఏళ్లు పనిచేసినవారు. ఒక కన్ను మూసి చూసి, "మలేరియానే. ఇంకేముంటుంది?" అన్నారు.

"ఉంగరాలు కనిపించడం లేదు సార్."

"మనిషి నెత్తుటిలో ఉన్నట్టే కుక్క నెత్తుటిలోనూ ఉండాలని ఎక్కడుంది అమ్మాయ్? ఇంట్లో మనిషికి ఉంది. అదే దోమ దీన్నీ కుట్టింది."

 ఆయన చెప్పింది సబబుగానే వినిపించింది. అయినా మైక్రోస్కోపులో కనిపించినదానికీ ఆ మాటకూ నాకు పొంతన కుదరలేదు. ఆయన నర్సింహులుకు క్వినైన్ ఇచ్చి, బెల్లంలో కలిపి పెట్టమన్నారు.

ఇక్కడ పక్కింటి అమ్మాయికి ఒక మాట చెప్పాలి. మన పనిలో రెండు సంగతులుంటాయి. ఒకటి కంటికి కనిపించింది, రెండోది దానికి పెట్టిన పేరు. పేరు పెట్టేసరికి కన్ను చూడటం మానేస్తుంది. జయపాల్ గారంత మనిషికే ఆ రోజు అది జరిగింది.

కుక్కకు మలేరియా అన్న మాట బస్తీలో పాకడానికి ఎక్కువసేపు పట్టలేదు. పక్క గదిలో మల్లేశం అని, ఒకప్పుడు ఆఫీసర్ల మెస్సులో వంట చేసినవాడు ఉండేవాడు. అతని కూతురికి కూడా జ్వరం తగిలింది. అతను ల్యాబు దాకా వచ్చి నన్ను నిలదీశాడు.

"ఆ కుక్క నుంచే గద యాదమ్మకొచ్చింది? మా పిల్లకు సుత గందుకే వచ్చింది. దాన్ని చంపుమని మీరైన చెప్పుండ్రి. లేకుంటే నేనే చూస్కుంట."

"కుక్క నుంచి మనిషికి రాదండీ. దోమ వల్ల వస్తుంది."

"కుక్కకు ఉన్నదన్నది మీ డాక్టరే. దోమ కుక్కను కుట్టి మా పిల్లను కుట్టదా? చెప్పుండ్రి."

 డాక్టరుగారి మాట నిజమైతే మల్లేశం భయంలో తప్పేముంది? అతను పెద్దగా అరవలేదు. కూతురి మీద బెంగతో వచ్చిన మనిషి. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆ పిల్ల నెత్తురు కూడా చూశాను. మలేరియా ఉంది, ఉంగరాలతో సహా. కుక్క నెత్తుటిలో ఉన్నది మాత్రం ఆ పిల్లలో లేదు. మల్లేశానికి ఆ తేడా చెప్పబోయాను. "రెండిట్ల ఏదో ఒకటి ఉన్నది గద" అని వెళ్లిపోయాడు.

క్వినైన్‌తో జింజర్ ఏమీ కోలుకోలేదు. మందు వాసన పడక ఉన్న కాస్త తిండి కూడా మానేసింది. యాదమ్మ తన మంచం కిందే దాన్ని పడుకోబెట్టుకుని తలుపు గడియ పెట్టుకుని ఉండేది. మల్లేశం రొట్టెలో ఏమన్నా కలిపి పెడతాడని ఆమె భయం.

తలుపు తీయని ఇల్లు

అంతలో విమానాలు తిరిగాయి. పోలీసు చర్య అని తర్వాత పేరు పెట్టారు గానీ ఆ రోజుల్లో మాకు అది ఏమిటో తెలియదు. కర్ఫ్యూ అన్నారు. మా క్వార్టర్ల గేట్లు మూశారు. బేగంపేట వైపు ఏదో చప్పుడైతే అందరం మంచాల కింద దూరాం. అది లారీ టైరు పేలిన చప్పుడని ఒక నర్సు అంది. కాసేపటికి ఆమె కూడా ఏమోలే అంది. కొద్ది రోజులకే అంతా అయిపోయిందన్నారు. రోడ్డు మీదికి వస్తే కొత్త సైనికులు, కొత్త జెండాలు. కొన్ని ఇళ్ల ముందు దండలు, కొన్ని ఇళ్లకు మూసిన తలుపులు.

గేట్లు తెరిచిన రోజే నర్సింహులు వచ్చాడు. జింజర్ ఇంకా బతికే ఉందంటే నమ్మలేకపోయాను.

"తిరుమలగిరి బజారు వెనక హమీద్ సాబ్ ఉన్నడు. గుర్రాల పల్టన్‌ల పశువుల డాక్టరుగ చేసి రిటైరయిండు. ఆయన కోట్లన్నీ నేనే కుట్టిన. ఆయనకు చూపిస్త. మీరు జెర రాండ్రి సిస్టరమ్మా. మీరు చూసింది ఏందో ఆయనకు చెప్పుడు నాకు రాదు."

జయపాల్ గారిని అడిగి, స్లైడు గుడ్డలో చుట్టుకుని, జింజర్‌ను భుజాన వేసుకున్న నర్సింహులు వెంట వెళ్లాను. హమీద్ సాబ్ ఇల్లు బయటికి ఎవరూ లేనట్టుంది. నర్సింహులు తలుపు తట్టాడు. లోపల అడుగులు వినిపించి ఆగిపోయాయి. మళ్లీ తట్టాడు. ఎవరో ఆడమనిషి పిల్లను గదమాయించి ఊరుకోబెట్టిన చప్పుడు. ఆ వారమంతా ఆ వీధిలో తలుపు తట్టినవాళ్లు ఎవరో, ఎందుకు తట్టారో నాకు తెలియదు. లోపలివాళ్లకు మేమూ వాళ్లలాగే వినిపించి ఉంటాం.

"సాబ్, నేను దర్జీ నర్సింహులును. కుక్కను తెచ్చిన."

 తర్వాత తలుపు వెనక నుంచి ఒక ముసలి గొంతు అడిగింది.

"ఏం కుక్క?"

"స్పానియల్ సాబ్. ఉచ్చ నల్లగ వస్తున్నది."

గడియ తీసిన చప్పుడైంది.

ఆయన సన్నగా, పొడుగ్గా ఉన్నారు. గడ్డం గీసుకోలేదు. మా ముఖాలు చూడలేదు. కుక్కను తీసుకుని వరండాలో దుప్పటి మీద పడుకోబెట్టారు. చిగుళ్లు చూశారు, కనురెప్పలు తిప్పారు, పక్కటెముకల కింద నొక్కారు. కాలివేళ్ల మధ్య వెతికి, చెవి లోపల వెతికి, చిన్న పటకారుతో ఒకదాన్ని పట్టి పైకి లాగి చూపించారు. ఆముదం గింజంత ఉంది, బూడిద రంగులో. మా వైపు పిడుదు అంటాం.

"గోమారి," అన్నాడు నర్సింహులు. ఇక్కడ దాన్ని అలాగే అంటారు.

హమీద్ సాబ్ అప్పుడు నా వైపు తిరిగారు.

"అమ్మా, నువ్వు నెత్తురు చూసినవట. లోపల ఏమున్నయి? ఆగు, నేను చెప్త. రెండు జామకాయలు, తోకలు ఒక్క దగ్గర కలిసినట్టు. అవునా?"

"అవునండీ," అన్నాను. నేను అన్ని రోజులు మాటలు వెతుక్కున్నది అదే.

"ఇది మలేరియా కాదు. గోమారి జ్వరం. గోమారి కరిచి పట్టుకుంటది, ఒక దినమో రెండు దినాలో నెత్తురు తాగుతది, తాగినంక దాని ఉమ్మిల నుంచి ఇది లోపలికి పోతది. నెత్తురు కణాలు పగుల్తయి. గందుకే మూత్రం నల్లగ వస్తది. మనుషులకు దీని తోటి డర్ లేదు."

తర్వాత లోపలికి వెళ్లి ఒక చిన్న సీసా తెచ్చారు. ముదురు నీలం మందు. ముందరి కాలి నరంలోకి చాలా నెమ్మదిగా ఎక్కించారు.  

"పరేషాన్ గాకుండ్రి. రేపటికల్ల చిగుళ్లు నీలమైతయి, ఉచ్చ నీలమైతది. మందు రంగు గది, ఇంకేం గాదు."

జింజర్ చిగుళ్లు నిజంగానే నీలంగా మారాయి. యాదమ్మ చూసి విషం పెట్టారని ఏడ్చింది. మల్లేశం బస్తీవాళ్లను పిలిచి చూపించాడు. కానీ కుక్క లేచి నీళ్లు తాగింది. తర్వాత అన్నం తిన్నది.

ఎవరి లెక్క వారిది

అదే వారంలో కొత్తగా వచ్చిన మిలిటరీవాళ్లు దండు ప్రాంతంలోని ఇళ్లన్నిటికీ దోమల మందు కొట్టించారు. యాదమ్మ గది గోడలకు కూడా కొట్టారు. నేను ల్యాబులో జయపాల్ గారికి హమీద్ సాబ్ చెప్పింది చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"క్వినైన్ ఆలస్యంగా పనిచేసి ఉండొచ్చు కదా? ఇప్పుడు దోమలూ పోయాయి. కుక్క బాగుంటుంది, చూస్తూండు" అన్నారు.

కుక్క బాగానే ఉంది. యాదమ్మను అడిగితే ఎల్లమ్మకు మొక్కుకున్నాను కాబట్టి అంది. నర్సింహులును అడిగితే నీలం మందు అన్నాడు. డాక్టరుగారు క్వినైన్, దోమల మందు అన్నారు. మల్లేశం మాత్రం, దానికసలు జ్వరమే లేదు, నకరాలు చేసింది అన్నాడు. అతని కూతురు అప్పటికి తేరుకుంది. నాకు హమీద్ సాబ్ మాటే నిజమనిపించింది. కానీ మందులన్నీ ఒకేసారి పడ్డాక ఏది పనిచేసిందని నేను ఏ ముఖంతో చెప్పగలను? ఈ పని నేర్చుకునే పిల్లలూ, రోగి బాగుపడటమొక్కటే రుజువు కాదు. ఇది మాకు ఏ పుస్తకంలోనూ చెప్పలేదు.

హమీద్ సాబ్ చలికాలంలో ఒకసారి నర్సింహులు ఇంటికి వచ్చి, మిగిలిన నీలం మందు సీసాను ఇచ్చి వెళ్లారు. జ్వరం మళ్లీ రావచ్చని చెప్పారు. "గోమార్లు గడ్డిలకెళ్లి ఎక్కుతయి. గడ్డిల తిరగనియ్యకు, ఇంట్లనే కట్టెయ్యి" అన్నారు. ఊరికి పోతున్నానన్నారు. ఏ ఊరికి అని నర్సింహులు అడగలేదు. తర్వాత నేను అటు వెళ్లినప్పుడు ఆ ఇంటికి పెద్ద తాళం ఉంది. గుల్బర్గాలో చెల్లెలి దగ్గరికని ఒకరు, కరాచీకని ఇంకొకరు చెప్పారు. ఎవరికీ సరిగ్గా తెలియదు. నాకూ ఈనాటిదాకా తెలియలేదు. అంత భయంలో ఉండి కుక్కకు బాగోలేదంటే తలుపు తీసిన మనిషి. ఆయనకు కనీసం ఒక నమస్కారమైనా చెప్పి రాలేదు, ఆ రోజు అంత గాభరాలో ఉన్నాం.

గోడ మీద

నర్సింహులు ఆయన చెప్పినట్టే చేశాడు. జింజర్‌ను బయట తిరగనివ్వకుండా గదిలో, గోడకున్న ఇనుప కడియానికి కట్టేశాడు. పొద్దున, సాయంత్రం రోడ్డు మీద మాత్రం తిప్పేవాడు, గడ్డి తొక్కనిచ్చేవాడు కాదు. అయినా ఎండాకాలం వచ్చేసరికి యాదమ్మ దాని చెవుల్లో, మెడపట్టీ కింద, వేళ్ల సందుల్లో పిడుదులు ఏరుతూనే ఉండేది. ఏరినకొద్దీ వచ్చేవి. గడ్డి ముట్టని కుక్కకు ఎక్కడి నుంచి వస్తున్నాయి? నర్సింహులు నన్ను అడిగాడు. నేను తెలియదన్నాను. కంటోన్మెంటంతా తిరిగే వీధికుక్కలు తెచ్చి పడేస్తున్నాయేమో అని ఇద్దరం అనుకున్నాం. కానీ ఆ గది దాకా వీధికుక్కలు ఎప్పుడూ రాలేదు.

మళ్లీ జ్వరం వచ్చింది. ఈసారి నర్సింహులు కుక్కను తేలేదు, కదిలిస్తే పోయేలా ఉందన్నాడు. నేనే వెళ్లి చుక్క నెత్తురు తెచ్చాను. జంట జామకాయలు మళ్లీ ఉన్నాయి. జయపాల్ గారిని పిలిచాను. ఈసారి ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చాలాసేపు చూశారు. స్లైడును జరుపుతూ, ఆగుతూ, మళ్లీ జరుపుతూ చూశారు.

"ఇది మలేరియా కాదు సుశీలా," అన్నారు.

"కాదు సార్."

"పోయిన ఏడూ ఇవే ఉన్నాయా?"

"ఇవే సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మల్లేశానికి నేనే చెబుతాను" అన్నారు. "ముందు ఆ మందు ఎక్కడుంది?"

నా ఉద్యోగంలో చాలామంది డాక్టర్ల కింద పనిచేశాను. తప్పు ఒప్పుకోలేక కేసునే మార్చి చెప్పినవాళ్లనూ చూశాను. ఆ రోజు జయపాల్ గారు ఒప్పుకున్నారనడం కన్నా, మళ్లీ కూర్చుని చూశారనడమే నాకు పెద్ద సంగతి. ఆయన స్వయంగా తిరుమలగిరికి బయలుదేరారు. మనుషుల డాక్టరు కుక్క కాలి నరం వెతుకుతుంటే యాదమ్మ తల పట్టుకుంది, నర్సింహులు నడుము పట్టుకున్నాడు, నేను సీసా పట్టుకున్నాను.

మందు సగం ఎక్కాక యాదమ్మ అంది, "సారూ, మీ అంగీ మీద నల్లి పాకుతున్నది."

ఆయన కదలడానికి వీల్లేదు. నేను చూశాను. అది నల్లి కాదు. చిన్న పిడుదు. నా కళ్లు దాని వెనకే గోడ మీదికి పోయాయి. అక్కడ ఇంకొకటి. దానిపైన ఇంకొకటి, మెల్లగా పైకి ఎక్కుతోంది. వాసం కింద సున్నం పగిలిన చోటికి చేరి లోపలికి దూరింది.

"ఇవి ఎన్నాళ్ల నుంచి ఉన్నాయి యాదమ్మా?"

"ఎప్పటికీ ఉంటయమ్మా. మేమొచ్చినప్పటి సంది ఉన్నయి. దోమల మందు కొట్టినప్పుడు కొన్నాళ్లు కనబడలె. నల్లులే గదా అనుకున్న."

మందు ఎక్కించడం అయ్యాక నర్సింహులు తన పెద్ద కత్తెర తెచ్చి పగులులో పెట్టి సున్నం పెళ్లగించాడు. లోపల ఆవాల్లా గుట్టలుగా గుడ్లు, వాటి మధ్య చిన్నాపెద్దా పిడుదులు. జయపాల్ గారు గోడకున్న ఇనుప కడియం పట్టుకుని చూశారు. అలాంటివి గోడ పొడుగునా ఉన్నాయి. అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు. అది మనుషుల కోసం కట్టిన గది కాదు. ఒకప్పుడు దొరల వేటకుక్కలను కట్టేసిన గది.

పిడుదు కుక్క మీదే బతుకుతుందని మేమంతా అనుకున్నాం. హమీద్ సాబ్‌కు గడ్డి పిడుదులు తెలుసు, గుర్రాల పాకల్లో చూసినవి. ఈ రకం వేరు. కడుపు నిండాక రాలిపడి గోడ ఎక్కుతుంది. పగుళ్లలో గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా నెలల తరబడి అక్కడే కాచుకుంటుంది. సైన్యాలు పోయినా, ఇల్లు ఖాళీ అయినా అది పోదు. మేము కాపాడుతున్నామనుకుని కుక్కను తీసుకెళ్లి సరిగ్గా దాని పక్కనే కట్టేశాం.

రెండోసారి వచ్చిన జ్వరం లోపల మిగిలిపోయిన పాతదే తిరగబెట్టిందా, కొత్త పిడుదు కొత్తగా ఎక్కించిందా? తర్వాత పశువుల డాక్టర్లను ఎందరినో అడిగాను. రెండూ జరుగుతాయన్నారు. జింజర్‌కు ఏది జరిగిందో చెప్పే దారి లేదు.

సామాను బయటపెట్టి గోడలు గీకారు. పగుళ్లలో సలసల కాగే నీళ్లు పోసి, గీకిన మట్టినంతా కాల్చి, కొత్త సున్నంతో మెత్తారు. జయపాల్ గారు మల్లేశాన్ని పిలిచి, మీ అమ్మాయి జ్వరానికీ ఈ కుక్కకూ సంబంధం లేదని, తానే పొరబాటు పడ్డానని చెప్పారు.  మర్నాడు అతనే తట్ట తెచ్చి సున్నం అందించాడు.

కుక్కను పెంచుకునేవాళ్లకు నేను చెప్పేది ఆ గోడ దగ్గర నేర్చుకున్నదే. రోజూ ఒంటి మీద చేయి వేసి వెతకండి, చెవుల్లో, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద. దొరికినదాన్ని వేళ్లతో నలపకండి, చర్మానికి ఆనించి పటకారుతో పట్టి నిదానంగా లాగండి. ఇప్పుడు మంచి మందులున్నాయి, పశువుల డాక్టరును అడిగి వాడండి. కుక్కను చూసినంత శ్రద్ధగా దాని పడకనూ, గోడనూ చూడండి. చిగుళ్లు తెల్లబడి మూత్రం నల్లగా వస్తే రేపటిదాకా ఆగకండి.

మేజరుగారి ఇల్లు

జింజర్ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. కానీ ఆ గదిలో కాదు. సున్నం ఆరిన కొన్నాళ్లకే ఆ బంగళాను కొత్తగా వచ్చిన ఒక మేజరుగారికి ఇచ్చారు. వెనక గదులు ఖాళీ చేయమని మనిషి వచ్చి చెప్పిపోయాడు. ఎవరికి చెప్పుకోవాలో నర్సింహులుకు తెలియలేదు. పాత కంటోన్మెంటు ఆఫీసుకు వెళ్తే అది మాది కాదన్నారు. కొత్త ఆఫీసుకు వెళ్తే ఇంకా తెరవలేదన్నారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చాడు.

"సిస్టరమ్మా, మేజరు సాబు పెండ్లాం వచ్చింది. రెండు కుక్కపిల్లలను తెచ్చింది. బంగళా వెనక వరండల కట్టేస్తున్నది. ఆ గోడను మనం ముట్టలె గద. నేను చెప్తే వినదు. మీరు జెర రాండ్రి."

 తన ఇల్లు తీసుకున్నవాళ్ల కుక్కల కోసం అతను నన్ను పిలవడానికి వచ్చాడు. అది మంచితనమా, అమాయకత్వమా, ఇంకేదైనానా? అడిగితే నవ్వుతాడేమోనని అడగలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని వెంట నడిచాను.

మేజరుగారి భార్య వరండాలో నిలబడి సామాను దింపించుకుంటోంది. పంజాబు మనిషి, వయసులో నాకంటే చిన్నది. మమ్మల్ని చూడగానే ఆమె ముఖం బిగుసుకుంది. నర్సింహులును గుర్తుపట్టింది.

"ఖాళీ చేయాలని చెప్పారు కదా," అంది హిందీలో. "మళ్లీ ఎందుకొచ్చారు? ఇంటి గురించి నేనేమీ చేయలేను."

నర్సింహులు చేతులు కట్టుకుని, తనకు వచ్చిన హిందుస్తానీలో అన్నాడు.

"ఇంటి గురించి కాదు మేంసాబ్. గోడ గురించి."

ఆమెకు అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను మూలన కట్టేసిన కుక్కపిల్లలను చూపించి, ముందు వాటిని అక్కడి నుంచి విప్పమన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో గానీ ఆమె మారుమాట్లాడకుండా వెళ్లి రెండింటినీ ఎత్తుకుంది. నర్సింహులు నడుముకున్న సంచిలోంచి కత్తెర తీసి, గోడ పగులు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. సున్నం పెచ్చు ఊడిపడింది. ఆమె వంగి చూసి, కుక్కపిల్లలను గుండెకు ఇంకా దగ్గరగా హత్తుకుంది.

కాసేపటికి అడిగింది, "మీరు ఎక్కడికి వెళ్తున్నారు?"

"ఇంకా తెల్వదు మేంసాబ్," అన్నాడు నర్సింహులు, తల ఎత్తకుండానే. "పైన వాసాల కాడ సుత చూడాలె. ఒక నిచ్చెన ఉంటే ఇప్పించుండ్రి."